పేర్లక్క వెనక్కి తీసుకున్న పేరు

ఆ భవనంలో ఆమెను అసలు పేరుతో పిలిచేది జీతాల గుమాస్తా ఒక్కడే. మిగతా అందరికీ పేర్లక్క. రెండో అంతస్తు మెట్లెక్కగానే ఎడమవైపు గది. కిటికీ తెరిస్తే పక్క మేడ మీద ఆరేసిన దుప్పట్లు తప్ప ఇంకేమీ కనిపించవు. లోపల నాలుగు కంప్యూటర్లు, నాలుగు కుర్చీలు, అందులో చక్రం విరిగిన కుర్చీ ఎవరిదన్న దాని మీద ఎడతెగని తగాదా. అందరి పనీ ఒకటే. బాక్టీరియాల్లో ఉండే ప్రొటీన్లు ఏ పని చేస్తాయో అంచనా కట్టి, ఆ పనిని బట్టి వాటికి పేరు పెట్టడం.

ఈ ఉద్యోగం గురించి బయటివాళ్ళు అడిగితే ఆమె ఓపిగ్గా చెప్పేది. "ఒక బాక్టీరియా అంటే ఒక ఫ్యాక్టరీ అనుకోండి. లోపల వేలమంది పనివాళ్ళు. అందరి ఫోటోలూ మన దగ్గరున్నాయి. కానీ వాళ్ళలో చాలామంది ఏం పని చేస్తారో ఎవరికీ తెలీదు."

మరి ఎలా తెలుస్తుంది? పోలికను బట్టి. ముక్కూ మొహం చూసి ఫలానావాళ్ళ పిల్ల అని చెప్పినట్టే. కంప్యూటరు కొత్త ప్రొటీనును ఇదివరకు తెలిసినవాటితో పోల్చి దగ్గరి చుట్టాన్ని వెతికి పెడుతుంది. ఆ చుట్టం గోడలు కట్టేదైతే ఇదీ ఆ తానులో ముక్కే అని రాస్తారు. చుట్టాలు దొరక్కపోతే జన్యువుల వరసలో దాని ఇరుగుపొరుగును చూస్తారు. అదీ కుదరకపోతే "పని తెలియదు" అని రాసి వదిలేయాలి.

వదిలేయాలన్నది శిక్షణలో చెప్పిన మాట. గదిలో నడిచే మాట వేరు. "తెలియదు" అన్నవి ఎక్కువైతే సంస్థ పరువు తక్కువవుతుందని పైవాళ్ళకు దిగులు. అందుకని ఏ చిన్న పోలిక దొరికినా దాన్ని పట్టుకుని ఏదో ఒక పేరు తగిలించడం అందరికీ అలవాటైపోయింది. పక్క కుర్చీ కుర్రాడు ఇందులో ఘనుడు. అతని వేగం చూసి అందరూ అతణ్ణి తొందర అని పిలిచేవాళ్ళు.

"ఊరూ పేరూ లేనివాడికి పిల్లనెవరిస్తారక్కా? ఏదో ఒకటి పెట్టి పంపించెయ్" అనేవాడు తొందర.

"ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు అని ఊరికే అన్నారా?" అని ఆమె గదమాయించేది. గదమాయించేదే గానీ, పని ఒత్తిడి మీద తనూ అలాగే పంపించిన రోజులు లేకపోలేదు.

కంపు సంగతి ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. తల్లిదండ్రులు పోయాక ఆమె పెరిగింది అక్కాబావల దగ్గర. బావ ఊరి చెత్తను ఎరువుగా మార్చే షెడ్డులో కూలి. ఫుట్‌బాల్ మైదానమంత రేకుల షెడ్డు, మనిషెత్తు కుప్పలు, పొద్దస్తమానం వాటిని పారలతో తిరగేసే ఇరవై ముప్పై మంది. ఆ వాసన బట్టలకే కాదు, గోళ్ళకీ చెవులకీ పడుతుంది. మరదలు చదువుకునే గదిలోంచే స్నానాలగదికి దారి. అందుకని బావ చొక్కా వీధి గుమ్మంలోనే విప్పేసి, ఊపిరి బిగబట్టి ఒక్క పరుగున ఆ గది దాటేవాడు. ఊపిరి బిగబడితే వాసన తగ్గుతుందా? తగ్గదు. కానీ అతనికి అదొక మర్యాద.

"ఏం మరదలా, ఇవాళ ఎంతమందికి పేర్లు పెట్టావ్?" అని ఉద్యోగం వచ్చాక రోజూ అడిగేవాడు. "నా పారకి కూడా ఓ పేరు పెట్టరాదూ, మా మేస్త్రి కంటే అదే నయం, చెప్పినమాట వింటుంది."

ఒకరోజు అతను చొక్కా విప్పకుండానే లోపలికొచ్చి ఆమె ముందు నిలబడ్డాడు.

"వాసన చూడు."

ఆమె చూసింది. ఉందిగానీ, మామూలుగా ఉండేదాంట్లో సగం కూడా లేదు.

బూడిదరంగు పొడి బస్తాలు వచ్చాయట. కుప్పల మీద చల్లితే చెత్త త్వరగా మాగుతుంది, కంపు తగ్గుతుంది. పొడిలో బతికున్న బాక్టీరియా ఉందని షెడ్డు మేనేజరు చెప్పాడు. బస్తా మీది గుర్తును బావ ఒక కాగితం ముక్క మీద రాసుకొచ్చాడు. అది చూడగానే ఆమె మొహం వెలిగింది.

"ఇది మా గదిలోంచి వెళ్ళిందే బావా! దీని ప్రొటీన్లు నేనే చూశాను."

"అయితే మూతికి గుడ్డ అక్కర్లేదా? ఆ ఉక్కలో గుడ్డ కట్టుకుంటే ప్రాణం పోతోంది. నిన్ను అడిగి రమ్మన్నాడు మేస్త్రి."

"భయం లేదు బావా. అన్నీ చూసే పంపించాం."

ఆ మాట మర్నాడు షెడ్డంతా పాకింది. మన మరదలుపిల్లే చెప్పిందిరా, పెద్ద ఆఫీసులో చేస్తుంది, అని బావ మీసం మెలేస్తూ చెప్పుకున్నాడు. మూతుల గుడ్డలు మెడల్లోకి దిగాయి. పార వేసినప్పుడల్లా లేచే ఆ బూడిదరంగు దుమ్మును మనుషులు నిశ్చింతగా పీల్చారు.

వానలు వెలిసేసరికి బావకు దగ్గు పట్టుకుంది. షెడ్డులో దగ్గు కొత్త కాదు. కానీ ఇది పోలేదు. మెట్ల మధ్యలో కూర్చోవడం మొదలుపెట్టాడు. తర్వాత మంచం నుంచి గుమ్మందాకా రావడానికే మధ్యలో గోడ పట్టుకోవాల్సి వచ్చింది. అతనితో పనిచేసే మరో ముగ్గురిదీ కాస్త అటూఇటూగా అదే వరస. ఊపిరితిత్తులు వాచి గట్టిపడ్డాయని ఆసుపత్రిలో చెప్పారు. ఎందుకని అడిగితే డాక్టరు కాగితం మీద "కారణం తెలియదు" అని రాసిచ్చాడు. పేర్లక్క ఆ కాగితం పట్టుకుని వెనక్కి వెళ్ళింది.

"ఏమేం పరీక్షలు చేసి తెలియదన్నారు డాక్టరు గారూ?"

"ఇంకా ఏవీ చేయలేదమ్మా. ఇక్కడ ఆ సౌకర్యాల్లేవు."

వెతికి దొరక్క తెలియదనడం ఒకటి. వెతక్కుండా తెలియదనడం ఇంకొకటి. కాగితం మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. చెత్త మోసేవాళ్ళ విషయంలో మన ఆసుపత్రులు, ఆఫీసులు రాసే "తెలియదు" ఏ రకందో విడిగా చెప్పక్కర్లేదు.

బావ పనికి రాలేడు గనక అతని చోట ఇంట్లోవాళ్ళు ఒకరు చేరొచ్చని షెడ్డు వాళ్ళన్నారు. వచ్చే సోమవారం నుంచి వస్తానని అక్క ఒప్పుకుంది. ఇల్లు గడవాలి మరి. అదే షెడ్డు, అదే పొడి.

మర్నాడు ఆఫీసులో పేర్లక్క ఆ బాక్టీరియా ఫైలు మళ్ళీ తెరిచింది. కణం లోపల ఉండిపోయే ప్రొటీన్లను పక్కన పెట్టి, బయటికి వెళ్ళేవాటిని వరసగా చూసింది. బయటికి వెళ్ళేవే కదా మనిషిని తాకేవి. వాటిలో ఒకదాని దగ్గర ఆగింది. పేరు: చక్కెర గొలుసులు కోసే ఎంజైము. చెత్తను మగ్గబెట్టేవాటిలో ఉండాల్సిందే, నిరపాయమైనదే. పైగా ప్రపంచంలోని రకరకాల ప్రయోగశాలల రికార్డుల్లో దీని చుట్టాలు నలభైకి పైగా ఉన్నాయి. అన్నిటికీ అదే పేరు. మామూలుగా అయితే ఇంతటితో ఫైలు మూసేస్తారు. ఇంతమంది ఒకే మాట చెప్తుంటే ఇంకేం కావాలి?

ఆమె మూయలేదు. ఒక్కొక్క చుట్టం దగ్గరకూ వెళ్ళి, "నీకీ పేరు ఎవరు పెట్టారు?" అని అడుగుతూ పోయింది. ఒకటి ఇంకొకదాన్ని చూపించింది, అది మరొకదాన్ని. గొర్రెదాటు. ఎవరూ ప్రొటీనును పరీక్షనాళికలో పెట్టి చూడలేదు. పోలిక చూసి పేరు దించుకున్నారు, అంతే. అన్నీ తిరిగి తిరిగి చివరికి ఇంకో బాక్టీరియా తాలూకు ఒకేఒక్క పాత రికార్డు దగ్గరకు చేరాయి. దాన్ని ఎక్కించింది ఈ సంస్థ నుంచే, ఈ గది నుంచే. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఆమే.

అప్పుడు ఆమె "కావచ్చు" అని రాసింది. చక్కెర గొలుసులు కోసే ఎంజైము కావచ్చు. మొదట కాపీ చేసుకున్నవాళ్ళు "కావచ్చు"ను వదిలేశారు. ఏళ్ళు గడిచాక ఈ బాక్టీరియా ఫైలు ఆమె ముందుకొచ్చినప్పుడు, ఇంతమంది రూఢిగా చెప్తున్నారు కదా అని ఆమే "కావచ్చు" లేకుండా ఖాయం చేసింది. తన అంచనాకి తనే సాక్షి అయింది. ఆ సంగతి తనకే తెలియలేదు.

ఇంకా లోతుకు వెళ్తే అసలు పోలికే సగం. ప్రొటీనులో ముందు భాగం మాత్రమే చక్కెరను పట్టుకునే వాటిలా ఉంది. వెనక భాగానికి ఎక్కడా పోలిక లేదు. పిడి చూసి గరిటె అని రాసేశారు. పిడికి అవతల ఉన్నది గరిటో కత్తో ఎవరూ చూడలేదు. పిడి దేనికైనా ఉంటుంది.

తొందర తల తిప్పి చూశాడు. "ఏంటక్కా, అలా అయిపోయావ్?"

ఆమె చెప్పింది. అతను గొంతు తగ్గించి, "కందకు లేని దురద కత్తిపీటకెందుకక్కా? ఇన్నాళ్ళు ఎవరూ అడగలేదు. వదిలెయ్" అన్నాడు.

"కంద మా బావరా" అందామె.

డైరెక్టరు చెడ్డవాడు కాదు. ఆమెకు ఈ పని నేర్పింది ఆయనే. అంతా విని, కళ్ళజోడు తుడుచుకుంటూ అన్నాడు.

"నువ్వు పెట్టిన పేరు తప్పని రుజువుందా అమ్మా?"

"ఒప్పని రుజువు లేదు సార్."

"నలభై చోట్ల అదే పేరుంది."

"నలభై గొంతులు కావు సార్. నా ఒక్కదాని గొంతే నలభై గోడలకి తగిలి తిరిగొస్తోంది."

ఆయన కళ్ళజోడు పెట్టుకున్నాడు. "శుక్రవారం పురపాలక ఆఫీసులో సమావేశముంది. పొడి గురించి కూలీలు ఫిర్యాదు చేశారు. ఫైలు నేను చదువుతాను. నువ్వు రా, పక్కన కూర్చో. మాట్లాడొద్దు. ఇవన్నీ మనలో మనం మెల్లగా సరిచేసుకుందాం."

మెల్లగా. మెల్లగా సరిచేసుకునే తీరిక ఎప్పుడూ దుమ్ముకు దూరంగా కూర్చున్నవాళ్ళకే ఉంటుంది.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళేసరికి కూలీల సంఘం కార్యదర్శి బావ మంచం పక్కన కూర్చుని ఉంది. ఆ షెడ్డులోనే పారపట్టి తల నెరిసిన మనిషి. సమావేశంలో పేర్లక్క చేత ఒక మాట చెప్పించాలని వచ్చింది.

"అది విషమని ఒక్క మాట చెప్పమ్మా. నీ నోటితో వస్తే వాళ్ళు కిక్కురుమనరు."

"విషమో కాదో నాకు తెలీదు పిన్నీ."

వంటింట్లోంచి అక్క చేతిలో చీపురుతో బయటికొచ్చింది. "అప్పుడు మంచిదని ఎలా తెలిసిందే నీకు? మీ బావని మూతి గుడ్డ తీసెయ్యమని చెప్పినప్పుడు తెలిసిందేం?"

పేర్లక్క నేల చూసింది. "అప్పుడూ తెలీదక్కా. తెలుసనుకున్నాను. తెలీనిదాన్ని మంచిదని ఒకసారి చెప్పాను. ఇప్పుడు తెలీనిదాన్ని విషమని చెప్తే అదే తప్పు రెండోసారి చేసినట్టు. రేపు పరీక్షలో విషం కాదని తేలితే? ఇంక మీరు ఏం చెప్పినా ఎవడైనా నమ్ముతాడా?"

"నీ తప్పొప్పులు నీ దగ్గరే పెట్టుకో. సోమవారం ఆ షెడ్డులోకి వెళ్ళేది నేను."

మంచం మీంచి బావ చెయ్యెత్తాడు. మాట్లాడాలంటే ముందు ఊపిరి పోగుచేసుకోవాలి.

"దాన్ని... తిట్టకే. ఆ మాట... నమ్మింది నేను." కాస్త ఆగాడు. "మీసం కూడా... మెలేశాను."

అక్క చీపురు మూలకి విసిరేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

శుక్రవారం పురపాలక ఆఫీసు మేడ మీది హాలు నిండింది. ఒకవైపు కుర్చీల్లో మేనేజరు, డైరెక్టరు, ఆరోగ్యాధికారి. ఇంకోవైపు బెంచీల మీద కూలీలు, వాళ్ళ మధ్య అక్క. డైరెక్టరు ఫైలు చదివాడు. నలభైకి పైగా రికార్డులు ఈ ప్రొటీను నిరపాయమైన ఎంజైమని చెప్తున్నాయన్నాడు. ఆ వాక్యం దగ్గర పేర్లక్క లేచి నిలబడింది. డైరెక్టరు ఆమె చెయ్యి అందుకోబోయాడు, అందలేదు.

"ఆ పేరు పెట్టింది నేనండీ. పరీక్ష చేసి కాదు, పోలిక చూసి. అదీ సగం పోలిక. మిగతావన్నీ నన్ను చూసి రాసుకున్నవే. ఆ ప్రొటీను ఏం చేస్తుందో నాకు తెలీదు. ఇంకెవరికీ తెలీదు."

మేనేజరు ముందుకు వంగాడు. "అంటే ప్రమాదముందని మీరు చెప్పడం లేదు."

"చెప్పడం లేదు."

కార్యదర్శి తల పట్టుకుంది. బెంచీల్లో ఎవరో "మన మరదలే మనల్ని ముంచింది" అని గొణిగారు.

"ప్రమాదం లేదని కూడా చెప్పడం లేదు" అంది పేర్లక్క. బెంచీలవైపు తిరిగింది. "ఇదివరకు లేదనే మీ అందరికీ చెప్పాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను."

మేనేజరు నవ్వాడు. పెద్దమనిషి నవ్వు. "తెలియనప్పుడు ఆపడం దేనికండీ? వాడుతూ ఉంటే అదే తెలుస్తుంది."

తెలియదు అనే మాట కుర్చీలవైపు వెళ్ళేసరికి "పర్వాలేదు" అయిపోతుంది. ఎన్ని ఊళ్ళలో, ఎన్ని పొడుల విషయంలో, ఎన్ని పొగల విషయంలో ఇలాగే అయిందో. ఆ రోజు మాత్రం ఆ మాట పూర్తిగా అటు చేరలేదు. మధ్యలో అక్క లేచింది.

"ఎవరి ఊపిరితిత్తుల్లో తెలుస్తుంది సారూ? మీ వాటిల్లోనా, మా వాటిల్లోనా? ఒక జత ఇప్పటికే ఇచ్చాం. మా ఇంట్లో మంచం మీదున్నాయి. వచ్చి చూసుకోండి." ఆమె చెల్లెలివైపు చూడలేదు. "మా చెల్లి తెలీదంది. నిన్నటిదాకా దాని మీద నాకు మంట. ఇప్పుడు నేనూ అదే అంటున్నా. మీకు తెలీదు. తెలిసేదాకా ఆ బస్తా మా షెడ్డు గుమ్మం దాటడానికి వీల్లేదు. మా మీద పోసి తెలుసుకునే చదువు మాకొద్దు."

బెంచీలు ఒక్కసారిగా లేచాయి. అరుపులు, కుర్చీల చప్పుడు. ఆరోగ్యాధికారి బల్ల గుద్ది గుద్ది చివరికి ఆ ప్రొటీనును విడిగా పరీక్షించి తేల్చేదాకా పొడి వాడకూడదని, వాడినా వాడకపోయినా కూలీలకు మూతి తొడుగులు ఇవ్వాల్సిందేనని రాయించాడు. మేనేజరు సంతకం పెట్టి, కలం మూత కూడా పెట్టకుండా వెళ్ళిపోయాడు.

డైరెక్టరు ఆమెను తీసెయ్యలేదు. కింది అంతస్తులో, కరెంటు మీటర్ల పక్క గదికి మార్చాడు. కొత్త పేర్లు పెట్టే పని లేదు ఇక. పాతవాటిని వెతికి, ఆధారం లేనివాటికి పేరు పీకి "పని తెలియదు" అని రాయడమే పని. అది శిక్షో, ఆయన చేయగలిగిన న్యాయమో ఆయనకే తెలియాలి. తను పెట్టిన ఆ పేరును మోస్తున్న ప్రతి రికార్డు తాలూకు వాళ్ళకూ ఆమె రాసింది. కొందరు దిద్దారు, కొందరు ఉలకలేదు. ఇటు ఒకటి చెరిపితే అటు కంప్యూటర్లు పాత కాపీలు చూసి కొత్తవి పుట్టిస్తూనే ఉన్నాయి. నిజం గడప దాటేలోగా అబద్ధం ఊరంతా తిరిగొస్తుందంటారు. ఆమె గడప దగ్గరే కూర్చుని రాస్తోంది.

ఒకరోజు తొందర రెండు టీలు పట్టుకుని మెట్లు దిగి వచ్చాడు. చాలాసేపు మీటర్లు చూస్తూ నిలబడ్డాడు.

"అక్కా, నేను పెట్టినవి కూడా ఓసారి చూస్తావా?"

"ఎన్నున్నాయిరా?"

"అదే భయం" అన్నాడు తొందర.

పరీక్ష ఫలితం సగమే వచ్చింది. ముందు భాగం నిజంగానే చక్కెరను పట్టుకునే పిడే. వెనక భాగం ఏం చేస్తుందో ఇంకా చూస్తున్నారు. ఆ ఫలితం ఏదైనా బావ ఊపిరితిత్తులు మెరుగుపడేవి కావు. డాక్టరు కాగితంలో మాటా మారలేదు.

"ఇంతకీ... దానికేం... పేరు పెట్టావ్?" అని అడిగాడు బావ ఒకరోజు.

"పెట్టలేదు బావా. అలాగే ఉంచాం."

"పేరు లేకుండా... పాపం" అని నవ్వబోయి, దగ్గి, గోడకు చేరబడ్డాడు.

అక్క షెడ్డులో చేరింది. పొడి లేదు గనక పాత కంపు పాత బలంతో తిరిగొచ్చింది. సాయంత్రం ఆమె తిరిగి వచ్చే వేళకు బావ మొహం గుమ్మంవైపు తిప్పుకుని ఉంటాడు. ఆమె గుమ్మంలో ఆగుతుంది. స్నానానికి పరిగెత్తదు. తిన్నగా మంచం దగ్గరికొచ్చి, చీర కొంగు అతని ముక్కు ముందు పెడుతుంది. అతను ఉన్న కాస్త ఊపిరీ కూడగట్టుకుని మెల్లగా పీలుస్తాడు.

"కొడుతోందా?" అంటుంది అక్క.

"కొడుతోంది."

"సరే అయితే" అని అప్పుడు వెళ్తుంది నీళ్ళ కోసం. బల్ల దగ్గర కూర్చున్న పేర్లక్క తల ఎత్తదు. ఆ కంపు గది నిండా పరుచుకునేదాకా ఉండి, మళ్ళీ రాసుకుంటుంది.